‘వృత్తి’ గడిలో ఏం రాశారు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

నెల జీతం లేదు, ఈఎస్‌ఐ లేదు, పీఎఫ్ లేదు. ఒప్పుకున్న పనికి కిరాయి, చేసిన రోజుకు కూలి. కింద పడినా, షాక్ కొట్టినా, మిషన్‌లో చెయ్యి పడినా ఆదుకోవాల్సింది సొంత డబ్బుతో కొనుక్కున్న బీమా ఒక్కటే. ప్రమాదం ఎక్కువున్న పనులు సొంతంగా చేసుకునే పాఠకులు అడిగిన కొన్ని ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం.

ఇళ్ల వైరింగ్, బోరు మోటార్ల పని చేస్తాను. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే రైతులు నన్నే పిలుస్తారు. 20 లక్షలకు వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకున్నాను. పాలసీలో నా వృత్తి ‘ఎలక్ట్రికల్ షాపు యజమాని’ అని ఉంది. అలా రాస్తే ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు చెప్పాడు. దీనివల్ల ఏమైనా ఇబ్బందా?
— ప్రైవేటు ఎలక్ట్రీషియన్, నర్సంపేట

పెద్ద ఇబ్బందే. ఈ పత్రిక చేతిలో ఉండగానే సరిచేయించుకోండి.

ప్రమాద బీమాలో ప్రీమియం వయసును బట్టి కన్నా చేసే పనిని బట్టే ఎక్కువగా మారుతుంది. కంపెనీలు వృత్తుల్ని సాధారణంగా మూడు వర్గాలు చేస్తాయి. మొదటి వర్గంలో టీచర్లు, డాక్టర్లు, లాయర్లు, అకౌంటెంట్లు, బ్యాంకు ఉద్యోగుల వంటి కూర్చుని పనిచేసే వాళ్లు. రెండో వర్గంలో పని దగ్గరుండి చూసుకునే బిల్డర్లు, కాంట్రాక్టర్లు, మోటారు మెకానిక్‌లు, మిషన్ ఆపరేటర్లు, డ్రైవర్లు, కోత మిషన్ల మీద పనిచేసే వడ్రంగులు. మూడో వర్గంలో భూగర్భ గనుల్లో దిగేవాళ్లు, పేలుడు పదార్థాలతో పనిచేసేవాళ్లు, హైటెన్షన్ కరెంటు పని చేసేవాళ్లు. ఏ పని ఏ వర్గంలోకి వస్తుందన్నది కంపెనీని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. షాపు యజమాని ఎలా చూసినా ప్రమాదం తక్కువున్న వర్గమే. స్తంభం ఎక్కేవాడు ఎలా చూసినా ప్రమాదం ఎక్కువున్న వర్గమే.

క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ పరిశోధకుడు ఊళ్లోకి వచ్చి మొదట అడిగేది ‘ఆయన ఏం పని చేసేవాడు?’ అనే. పక్కింటివాళ్లు ఉన్నమాటే చెబుతారు. పాలసీలో ఒకటి, ఊళ్లో ఒకటి ఉంటే వాస్తవం దాచారంటూ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం కంపెనీ చేతికి మనమే ఇచ్చినట్టు. ఏజెంటు ఆదా చేసిపెట్టింది ఏడాదికి కొన్ని వందలు. పణంగా పెట్టింది 20 లక్షలు.

సరిచేయడానికి కొత్త పాలసీ అక్కర్లేదు. పాలసీ నంబరు వేసి ‘నా వృత్తి తప్పుగా నమోదైంది. నేను స్వయంగా ఇళ్ల వైరింగ్, మోటార్ల రిపేరు పని చేస్తాను, ఎత్తు మీద కూడా పని ఉంటుంది. సవరించి ఎండార్స్‌మెంట్ ఇవ్వండి, అదనపు ప్రీమియం కడతాను’ అని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. లేదా బ్రాంచిలో ఉత్తరం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ఏజెంటుకు నోటిమాటగా చెబితే చెప్పనట్టే. ఎండార్స్‌మెంట్ అంటే పాలసీలో మార్పు చేసినట్టు కంపెనీ ఇచ్చే కాగితం. అది చేతికొచ్చాక దాని మీద వృత్తి ఏమని పడిందో మీరే చదవండి. కొత్తగా పాలసీ తీసుకునేవాళ్లకు ఇంకో మాట. కొన్ని ఆన్‌లైన్ ఫారాల్లో మీ పని పేరు కనబడదు. దగ్గరగా ఉందని ‘వ్యాపారం’ అని నొక్కేయకండి. కస్టమర్ కేర్‌కు మెయిల్ రాసి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

ఇక ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. అది కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఆస్తి. లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్.సి. (కరెంటు ఆపేశామన్న ‘లైన్ క్లియర్’ అనుమతి) తీసుకోకుండా దాన్ని ఎవరూ ముట్టకూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు లైను విడగొట్టే ఏబీ స్విచ్ దించాం కదా అనుకుంటారు. మూడు బ్లేడుల్లో ఒకటి అతుక్కుపోయి విడవకపోవచ్చు, కింది నుంచి అది కనబడదు. ఎవరో జనరేటర్ పెడితే ఇళ్లకు, మోటార్లకు వెళ్లే తక్కువ వోల్టేజీ (ఎల్‌టీ) వైపు నుంచి కరెంటు వెనక్కి ఎక్కి 11 కేవీ వైపు కూడా ప్రాణం తీస్తుంది. ఇళ్ల వైరింగ్ అని వృత్తి రాసుకున్న మీరు 11 కేవీ దగ్గర ప్రమాదానికి గురైతే, అనుమతి లేని పని, చెప్పని పని అని రెండు అభ్యంతరాలు వస్తాయి. రైతు ఎంత తొందరపెట్టినా లైన్‌మన్‌కు ఫోన్ చేయించండి.

అపార్ట్‌మెంట్లకు బయటి గోడల రంగులు వేస్తాను. పరంజా మీద నుంచి పడి కాలి ఎముక విరిగింది, ప్లేటు వేశారు. 14 వారాలు ఇంట్లోనే ఉన్నాను. నా బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు బీమాకు కోసుకుంటున్నారు. క్లెయిమ్ అడిగితే రాదంటున్నారు. ఎందుకు?
— పెయింటర్, విశాఖపట్నం

ఆ 20 రూపాయలది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 2015లో 12 రూపాయలతో మొదలై 2022 జూన్ నుంచి 20 అయింది. 18 నుంచి 70 ఏళ్ల వరకు చేరవచ్చు. ప్రమాదంలో చనిపోతే, లేదా రెండు కళ్లు, రెండు చేతులు, రెండు కాళ్లు, ఒక కన్నుతోపాటు ఒక చెయ్యి లేదా కాలు శాశ్వతంగా పోతే 2 లక్షలు. ఒక కన్ను, లేదా ఒక చెయ్యి, లేదా ఒక కాలు పోతే లక్ష. అంతే. విరిగి అతుక్కునే ఎముకకు, ఆస్పత్రి బిల్లుకు, ఇంట్లో కూర్చున్న రోజులకు అందులో ఏమీ లేదు. బ్యాంకు మీకు చెప్పింది నిజమే.

మీకు కావలసింది వారం వారం డబ్బిచ్చే రక్షణ. పాలసీలో దాని పేరు ‘తాత్కాలిక సంపూర్ణ అంగవైకల్యం’, ఏజెంట్లు టీటీడీ అంటారు. చావు కన్నా ఇలాంటి దెబ్బలే ఎక్కువ జరుగుతాయి కాబట్టి పనివాళ్లకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే. కానీ చాలా పాలసీల్లో ఇది అదనంగా అడిగి తీసుకోవాలి. ఐచ్ఛికం కాబట్టి తక్కువ ప్రీమియం చూపించాలనుకునేవాళ్లు మొదట తీసేసేది దీన్నే.

ఎంత వస్తుందో చూడండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలకూ ఒకే నమూనాగా తెచ్చిన ‘సరళ్ సురక్షా బీమా’లో టీటీడీ వారానికి బీమా మొత్తంలో 0.2 శాతం. 10 లక్షల పాలసీకి వారానికి 2,000, మీ 14 వారాలకు 28,000. కంపెనీల సొంత పాలసీల్లో కొన్ని వారానికి 1 శాతం ఇస్తాయి, కానీ పైన ఒక పరిమితి పెడతాయి. 5,000 పరిమితి ఉంటే 10 లక్షల పాలసీకి వారానికి 10,000 కాదు, 5,000 వస్తుంది. 14 వారాలకు 70,000. సాధారణంగా మీ వారం సంపాదనకు మించి ఇవ్వరు. అందుకే కొనే ముందు నాలుగు అడగండి: వారానికి ఎంత, పై పరిమితి ఎంత, గరిష్ఠంగా ఎన్ని వారాలు, మొదటి ఎన్ని రోజులు లెక్కలోకి రావు.

ఆదాయం రుజువు లేక మనవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. చిన్న మొత్తమైనా సరే ఏటా ఆదాయపు పన్ను రిటర్ను వేయడం మంచిది. పన్ను పడకపోయినా వేయవచ్చు. కూలి నగదుగా తీసుకున్నా కొంత భాగం ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా ఖాతాలోకి వచ్చేలా చూసుకుంటే బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యమవుతుంది.

టీటీడీ క్లెయిమ్‌లు పోయేది ఎక్కువగా డాక్టరు రాత దగ్గర. ‘విశ్రాంతి అవసరం’ అని రాస్తే చాలదు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఏ పనీ చేయలేని స్థితి’ అని, ఆఖరున ‘పనికి తగును’ అని రెండు సర్టిఫికెట్లు కావాలి. మధ్యలో ప్రతి ఎక్స్‌రే, ప్రతి ఓపీ చీటీ దాచండి. సంపూర్ణ వైకల్యం అన్నారు కాబట్టి, కట్టుతోనే సైటుకు వెళ్లి కుర్రాళ్లకు పని చెబితే ఆ రోజు నుంచి ఆపేస్తారు.

ఆస్పత్రి ఖర్చు వేరే సంగతి. ప్రమాద బీమా మూల పాలసీ ఆస్పత్రి బిల్లు కట్టదు. మీకు అర్హత ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ, లేదా సొంత ఆరోగ్య బీమా చూసుకోవాలి.

సెంట్రింగ్ పని కాంట్రాక్టు పట్టుకుంటాను. నా కింద ఐదుగురు. నాకు ప్రమాద బీమా ఉంది. వాళ్లలో ఎవరైనా పడితే నా పాలసీ నుంచి వస్తుందా? ‘మేస్త్రీ కూడా కూలివాడే, బాధ్యత బిల్డరుది’ అని తోటివాళ్లు అంటున్నారు.
— మేస్త్రీ, రాజమహేంద్రవరం

మీ పాలసీ మీ ఒక్కరికే. తోటివాళ్ల మాటలో సగమే నిజం, మిగిలిన సగం మీ ఇల్లు అమ్మించగలదు.

మీరు ఎవరి దగ్గరా ఉద్యోగి కాకపోవచ్చు. కానీ ఆ ఐదుగురిని పెట్టుకుని, కూలి ఇచ్చి, పని చెప్పేది మీరు కాబట్టి చట్టం దృష్టిలో వాళ్ల యజమాని మీరే. రోజు కూలివాళ్లు, అప్పుడప్పుడు వచ్చేవాళ్లు అన్నది మినహాయింపు కాదు. ఆ మినహాయింపును 2000 సవరణలోనే తీసేశారు. 1923 నాటి పరిహార చట్టంలోని ఏర్పాట్లు ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చాయి. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది.

లెక్క ఇది. చనిపోతే నెల కూలిలో 50 శాతాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో గుణిస్తారు. శాశ్వతంగా పూర్తిగా పనికిరాకుండా పోతే 60 శాతంతో. 2020 జనవరి నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నెల కూలి ఎంతున్నా 15,000 వరకే లెక్క. 30 ఏళ్లవాడికి గుణకం 207.98. అంటే మరణానికి 7,500 × 207.98 = 15,59,850 రూపాయలు. పూర్తి వైకల్యానికి 9,000 × 207.98 = 18,71,820. 40 ఏళ్లవాడికి గుణకం 184.17, మరణ పరిహారం 13,81,275. దీనికి తోడు వైద్యానికి అయిన ఖర్చంతా యజమానే భరించాలి. నెలలోపు ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా జాప్యం చేస్తే సగం దాకా జరిమానా.

ఇక బిల్డరు బాధ్యత. కట్టడం తన వ్యాపారంగా చేసేవాడు ఆ పనిలో భాగాన్ని మీకు అప్పగిస్తే, మీ కూలీ కుటుంబం నేరుగా బిల్డరునే పరిహారం అడగవచ్చు. కానీ కట్టిన డబ్బును బిల్డరు తిరిగి మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. సొంతిల్లు కట్టుకునే మామూలు గృహస్థు విషయంలో ఇది వర్తించదు, ఇల్లు కట్టడం ఆయన వ్యాపారం కాదు కాబట్టి. అక్కడ బాధ్యత నేరుగా మీ మీదే నిలుస్తుంది. చిన్న ఇళ్ల పనులు పట్టే మేస్త్రీలు ఇది బాగా గుర్తుంచుకోవాలి.

దీనికి తీసుకోవలసింది ‘ఉద్యోగుల పరిహార పాలసీ’. ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో ఇప్పటికీ పాత చట్టం పేరుతో డబ్ల్యూసీ (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్) పాలసీ అంటారు. పేర్లు లేకుండా ‘సెంట్రింగ్ కార్మికులు ఐదుగురు, ఏడాది మొత్తం కూలి ఇంత’ అని తీసుకోవచ్చు. మనుషులు మారుతూ ఉండే పనికి అదే అనువు. ఇందులో పొరపాట్లు ఎక్కడెక్కడ జరుగుతాయో చెబుతాను. ఐదుగురు ఉంటే ముగ్గురని చెబుతారు. ప్రమాదం రోజు హాజరు పుస్తకంలో ఐదుగురుంటే పరిహారాన్ని ఆ నిష్పత్తిలో కోస్తారు, మిగతాది మీ జేబులోంచి. స్లాబు పనుల్లో పదిమందిని తెచ్చుకునే రోజులుంటే ఆ సంఖ్యే చెప్పండి. వైద్య ఖర్చు ఈ పాలసీలో తనంతట తాను ఉండదు, ‘మెడికల్ ఎక్స్‌టెన్షన్’ అడిగి, ఒక్కో ప్రమాదానికి ఎంత వరకో రాయించుకోవాలి. మీరు ఇనుము కట్టే పనిని ఇంకొకరికి ఇస్తే, ఉప కాంట్రాక్టరు మనుషుల్ని కూడా చేర్చమని అడగాలి. ఎత్తు ఎంత వరకు, తవ్వకం లోతు ఎంత వరకు అని కొన్ని పాలసీల్లో గీత ఉంటుంది, అదీ చూడండి. ఆలస్యానికి పడే జరిమానాను ఏ పాలసీ కట్టదు.

కూలి రిజిస్టరు పెట్టండి. మామూలు నోటుపుస్తకమైనా చాలు: తేదీ, పేరు, వయసు, కూలి, సంతకం లేదా వేలిముద్ర.

ఇంకొకటి, చాలా కుటుంబాలూ చాలామంది మేస్త్రీలూ దెబ్బతినే చోటు. మనిషి పోయినప్పుడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి మూడు నాలుగు లక్షలు చేతిలో పెట్టి కాగితం రాయించుకుంటారు. మరణ పరిహారాన్ని కార్మిక శాఖలోని అధికారి దగ్గర జమ చేయాలి. నేరుగా చేతికిచ్చిన డబ్బు పరిహారం కింద లెక్కకు రాదు. ఆ కాగితం మేస్త్రీని కాపాడదు, కుటుంబానికి న్యాయమూ చేయదు.

మీ ఐదుగురినీ, మిమ్మల్నీ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించండి. 18 నుంచి 60 ఏళ్లలోపువారు, గడిచిన 12 నెలల్లో 90 రోజులు ఈ పని చేసి ఉండాలి. కట్టడాల ఖర్చు మీద వసూలు చేసే సెస్సు నుంచి బోర్డు ప్రమాద సాయం ఇస్తుంది. ఇది పరిహారానికి బదులు కాదు, అదనం. సభ్యత్వం గడువు దాటిపోయిన కార్డు ప్రమాదం తర్వాత పనికిరాదు కాబట్టి రెన్యువల్ తేదీ ఇంటి క్యాలెండర్ మీద రాసుకోండి.

మా ఆయన తాడిచెట్టు మీద నుంచి పడ్డాడు. మోకు జారింది. ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ఊపిరి పోయింది. పోలీసు కేసు పెట్టలేదు. 20 రూపాయల బీమాకు బ్యాంకువాళ్లు ఎఫ్‌ఐఆర్ తెమ్మంటున్నారు.
— గీత కార్మికుడి భార్య, జనగామ జిల్లా

అమ్మా, మీకు దారి మూసుకుపోలేదు. ఈ పథకం నిబంధనల్లోనే పాము కాటు, చెట్టు మీద నుంచి పడడం వంటి సంఘటనలకు వెంటనే వెళ్లిన ఆస్పత్రి రికార్డుతో మరణ కారణం రుజువు చేయవచ్చని ఉంది. ఆస్పత్రికి వెళ్లి, ఆయన్ను తీసుకొచ్చిన రోజు క్యాజువాలిటీ రిజిస్టరులోని ఎంట్రీ నకలు, ‘చెట్టు మీద నుంచి పడి, తీసుకొచ్చేసరికి మరణించి ఉన్నారు’ అన్న డాక్టరు సర్టిఫికెట్ అడగండి. పోస్టుమార్టం జరిగి ఉంటే ఆ నివేదికకు మించిన కాగితం లేదు. బ్యాంకులో లిఖితంగా దరఖాస్తు ఇవ్వండి: క్లెయిమ్ ఫారం, మరణ ధ్రువపత్రం, ఆస్పత్రి కాగితాలు, మీ ఆధార్, మీ ఖాతా వివరాలు. ‘ఎఫ్‌ఐఆర్ లేనిదే తీసుకోం’ అంటే, అదే మాట దరఖాస్తు మీద రాసి సంతకం చేసి ఇమ్మనండి. ప్రమాదం జరిగిన 30 రోజుల్లో ఫారం ఇవ్వాలని ఉంది. దాటిపోయినా ఆలస్యానికి కారణం రాసి ఇవ్వండి, గడువు అయిపోయిందని మీ అంతట మీరే ఊరుకోవద్దు.

ఆయనకు జన్‌ధన్ ఖాతా, రూపే కార్డు ఉన్నాయేమో చూడండి. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన జన్‌ధన్ ఖాతాల కార్డుకు 2 లక్షలు, అంతకుముందు వాటికి లక్ష ప్రమాద బీమా ఉంది. ప్రమాదానికి ముందు 90 రోజుల్లో ఆ కార్డును ఒక్కసారైనా వాడి ఉండాలన్నది షరతు. 436 రూపాయల జీవన జ్యోతి బీమా కూడా కోస్తున్నారేమో పాసుపుస్తకం తిరగేయండి, అది ఏ కారణంతో పోయినా 2 లక్షలు. వీటితో పాటు ఆబ్కారీ (ఎక్సైజ్) శాఖ ద్వారా గీత కార్మికులకు ప్రభుత్వం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా వేరుగా ఉంది. ఆయన గీత సొసైటీ సభ్యుడైనా, చెట్టు లైసెన్సు ఉన్నవాడైనా ఎక్సైజ్ స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వండి. ఒకటి తీసుకుంటే ఇంకొకటి రాదన్నది అబద్ధం.

ఇంకా చెట్లెక్కుతున్నవాళ్లకు: తెలంగాణలో 2024 జులైలో మొదలైన ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు వచ్చినవాళ్లు వాటిని ఇంట్లో దాచవద్దు. మోకు తెగినా, జారినా మనిషిని చెట్టుకు పట్టి ఉంచేది ఆ కిట్‌లోని రెండో తాడే.

రంపం మిషన్‌లో కుడి చూపుడు వేలు రెండు కణుపులు పోయింది. సదరం క్యాంపులో వైకల్యం శాతం వేసి సర్టిఫికెట్ ఇచ్చారు. నాది 5 లక్షల ప్రమాద పాలసీ. సదరం శాతం ప్రకారం డబ్బు రావాలి కదా?
— వడ్రంగి, కర్నూలు

రాదు. సదరం శాతం పింఛను, బస్ పాస్ వంటివాటికి. బీమా కంపెనీ పాలసీలో అచ్చేసిన పట్టికే చూస్తుంది. ఎప్పటినుంచో వాడుకలో ఉన్న పట్టికలో ఒక చెయ్యి లేదా కాలు లేదా కన్ను 50 శాతం, బొటనవేలు మొత్తం 25, చూపుడు వేలు మూడు కణుపులు 10, రెండు 8, ఒకటి 4. ఆ లెక్కన మీకు 5 లక్షల్లో 8 శాతం, 40,000. కొన్ని కంపెనీల పట్టికలో కణుపుల లెక్క లేకుండా చూపుడు వేలికి మొత్తంగా 10 శాతం, బొటనవేలికి 20 ఉంటుంది. మీ పాలసీలో ఏ పట్టిక ఉందో తెరిచి చూసుకోండి. చేతిపని చేసుకునేవాళ్లు కొనే ముందే ఈ పట్టిక అడగాలి. వడ్రంగికీ బ్యాంకు గుమస్తాకీ చూపుడు వేలి విలువ ఒకటి కాకపోయినా పట్టికలో ఒకటే. దానికి విరుగుడు బీమా మొత్తం పెంచుకోవడమే.

క్లెయిమ్‌లో ‘తెగి విడిపోవడం’, ‘ఉపయోగం పోవడం’ అన్న మాటల మధ్య తేడా చూడండి. వేలు ఉండి వంగకపోతే కొన్ని పాలసీలు ఇవ్వవు. మీది తెగింది కాబట్టి ఆ చిక్కు లేదు. సర్జన్ ఏ కణుపు దగ్గర తెగిందో రాసిన ఆపరేషన్ నోట్స్, ఎక్స్‌రే, చేతి ఫొటో జతచేయండి.

ఈ-శ్రమ్ కార్డు ఉంటే 2 లక్షల ప్రమాద బీమా ఉన్నట్టేనా? — డెలివరీ బాయ్, హైదరాబాద్

ఇప్పుడు లేదు. 2022 మార్చి 31 వరకు నమోదై, ఆ తేదీలోపు ప్రమాదం జరిగినవాళ్లకే ఆ సాయం. కార్డు ఉంచుకోండి, కానీ దాన్ని బీమాగా లెక్కపెట్టుకోవద్దు. బండి సొంతదైతే ఇన్సూరెన్స్‌లో యజమాని-డ్రైవరుకు 15 లక్షల ప్రమాద రక్షణ కట్టారో లేదో చూసుకోండి. లైసెన్సు అమల్లో ఉంటేనే అది పనిచేస్తుంది, బండి మీద ఉన్నప్పుడు జరిగిన ప్రమాదానికే వర్తిస్తుంది.

ఎత్తు మీద పనిలో గుండెపోటు వస్తే ప్రమాద బీమా వస్తుందా? — టవర్ టెక్నీషియన్, నిజామాబాద్

ప్రమాదం అంటే బయటి నుంచి, హఠాత్తుగా, కంటికి కనిపించేలా, బలంగా తగిలినది. గుండెపోటు లోపలిది. గుండెపోటు వచ్చి బండి మీద నుంచి పడిన కేసులో 2019లో సుప్రీంకోర్టు ప్రమాద బీమా వర్తించదని తేల్చింది. షాక్ కొట్టి గుండె ఆగితే మాత్రం అది ప్రమాదమే, ఒంటి మీద షాక్ గుర్తులు పోస్టుమార్టంలో నమోదు కావాలి. అందుకే ప్రమాద బీమా ఒక్కటే చాలదు, పక్కన జబ్బుతో పోయినా డబ్బిచ్చే టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా ఉండాలి.

మా నాన్న లిఫ్టు గుంతలో పని చేస్తూ పడి చనిపోయారు. ఆస్పత్రిలో ‘ఇంట్లో మెట్ల మీద జారారు’ అని రాయించమని సైటు యజమాని చెబితే అన్నయ్య అలాగే చెప్పాడు. తర్వాత పోలీసు పంచనామాలో నిజం రాశారు. ఇప్పుడు బీమా కంపెనీ రెండింటికీ పొత్తు లేదని, మద్యం వాసన ఉందని కేస్ షీట్‌లో ఉందని క్లెయిమ్ తిప్పి పంపింది.
— పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు

దుఃఖంలో ఉన్న మనిషి చేత అబద్ధం చెప్పించడం కన్నా దారుణం లేదు. ఆ యజమాని కాపాడుకున్నది తన మీద పడే పరిహారాన్ని. పోగొట్టింది మీ ఇంటి బీమాను. ఇది చదివే ప్రతి ఒక్కరికీ చెబుతున్నాం: క్యాజువాలిటీలో డాక్టరు ‘ఎలా జరిగింది?’ అని అడిగినప్పుడు రాసే ఆ మొదటి రెండు వాక్యాలు, తర్వాత వచ్చే యాభై కాగితాలకు పునాది. ఎక్కడ, ఏ పని చేస్తూ, ఎంత ఎత్తు నుంచి, ఎన్ని గంటలకు అన్నవి ఉన్నవున్నట్టు చెప్పి, ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) నమోదు చేయమని అడగాలి.

మీ కేసులో ఇలా చేయండి. పంచనామా, పోస్టుమార్టం నివేదిక, ఎఫ్‌ఐఆర్ లేదా అసహజ మరణం కేసు కాగితాలు పోలీస్ స్టేషన్ నుంచి ధ్రువీకరించిన నకళ్లు తెచ్చుకోండి. అదే రోజు అక్కడ పని చేసిన ఇద్దరి వాంగ్మూలాలు నోటరీ అఫిడవిట్లుగా తీసుకోండి. లిఫ్టు గుంతలో పడితే వచ్చే గాయాలకూ, మెట్ల మీద జారితే వచ్చే గాయాలకూ తేడా ఉంటుంది. పోస్టుమార్టంలో రాసిన గాయాలు ఏ కథతో పొసగుతాయన్నది మీ పక్షాన బలమైన వాదన. మొదట తప్పు ఎందుకు చెప్పారో అన్నయ్య కూడా అఫిడవిట్‌లో దాచకుండా రాయాలి.

మద్యం విషయం. పాలసీ మినహాయింపు ‘మత్తు ప్రభావంలో ఉండగా’ అని ఉంటుంది. వాసన ఉందని ఒక చోట రాసినంత మాత్రాన ప్రభావంలో ఉన్నట్టు కాదు. రక్త పరీక్షలో ఎంత ఉందన్న ఫోరెన్సిక్ నివేదిక ఉందా అని కంపెనీని లిఖితంగా అడగండి. లేకపోతే ఆ మాట మీ ఫిర్యాదులో రాయండి. అది ఉంటే, అందులోని అంకెను బట్టి మీ వాదన తయారుచేసుకోవాలి.

తిరస్కరణ ఉత్తరం మీద మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల వరకు క్లెయిమ్‌లు వింటారు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. కంపెనీ ఆఖరి జవాబు తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. మీరు ఒప్పుకుంటే ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. మీరు మాత్రం కట్టుబడనక్కర్లేదు, తర్వాత వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు ఉంటుంది. అక్కడ గడువు రెండేళ్లు. ఒకే సమయంలో రెండు చోట్లా వేయకండి, అంబుడ్స్‌మన్ తీసుకోరు. ఐఆర్‌డీఏఐ వారి ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనూ, 155255 నంబరుకు ఫోన్ చేసీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఇక సైటు యజమాని నుంచి రావలసిన పరిహారం. నాన్న అక్కడ కూలికి పని చేసి ఉంటే అది బీమాతో సంబంధం లేని వేరే హక్కు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు కార్మిక శాఖ అధికారి దగ్గర దరఖాస్తు వేయాలి. సైటులో పని చేసినట్టు ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, కాల్ రికార్డులు ఇవాళే ఫోన్ నుంచి వేరే చోట దాచండి. నాన్న ఫోన్‌ను మాత్రం రీసెట్ చేయనివ్వకండి.